చావు కబుర్ల బాణీ

మధ్యాహ్నం రేడియోలో ఆ బాణీ మొదలైందంటే మా లెవూకాలో ఎక్కడి చెయ్యి అక్కడ ఆగిపోతుంది. కర్రపెండలం చెక్కు తీసే కత్తి ఆగుతుంది. కొబ్బరి కోరే చెయ్యి ఆగుతుంది. నా కుట్టుమిషను మీద కాలు దానంతటదే బిగుసుకుంటుంది. పోయినవాళ్ళ పేర్లు చదివే ముందు వచ్చే బాణీ అది. పేరు, ఊరు, ఎవరి బిడ్డ, ఎవరి తోడు, మట్టి చేసేది ఎప్పుడు, అన్నీ అందులోనే తెలియాలి. దీవుల మీద బతికేవాళ్ళం, ఉత్తరం చేరేలోపు అక్కడ అన్నీ అయిపోతాయి. అందుకని గుండె చిక్కబట్టుకుని వింటాం. మనవాళ్ళ పేరు లేదని తేలాక పక్కింటివాళ్ళ మొహం వంక చూస్తాం. వాళ్ళదీ లేదని తెలిస్తే అప్పుడు కత్తి మళ్ళీ కదులుతుంది.

అలాంటి బాణీ కోసం కావాలని ఊళ్ళు పట్టుకు తిరిగినవాడు నాకు తెలిసి ఒక్కడే. మా పక్కింటి ఇసిరేలి.

ఇసిరేలి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో కరెంటు పని చేసేవాడు. సాయంత్రాలు ఇంటి వసారాలో ఊరివాళ్ళ రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. తలుపు నిండా ఉండే మనిషి, గొంతు మాత్రం గోడవతల వినబడదు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు ఎపెలి, తమ్ముడి పెళ్ళాం ఆరీయెతా, తను, ముగ్గురూ ఒకటే ఇల్లు. జీతంలో తిండికి పోగా మిగిలింది ఖాళీ క్యాసెట్లకి పోసేవాడు. వాటినిండా ఏముంటాయంటే పాటలు కావు. రేడియో స్టేషను తన పేరు తనే పాడుకునే ముక్క, సబ్బు పాట, బిస్కెట్ల పాట, పొద్దున్నే స్టేషను తెరిచేటప్పుడు కొట్టే డప్పు, వార్తల ముందు టింగుమనే గంట. జింగిల్స్ అంటారు వాటిని. అతను మాత్రం తోకలు అనేవాడు.

ఎందుకంటే అవి పాటల తోకలకే దొరికేవి. వెనకటి రోజుల్లో అందరం రేడియోలో వచ్చిన పాటల్ని టేపులో పట్టుకునేవాళ్ళం కదా. బుద్ధిమంతులు పాట మొదలయ్యాక మీట నొక్కి, పాట అవగానే ఆపేసేవాళ్ళు. వాళ్ళ టేపులు ఇసిరేలికి దేనికీ పనికిరావు. ఎవడైతే మీట నొక్కి నిద్రపోయాడో వాడి టేపులో ముందూ వెనకా అన్నీ పడి ఉండేవి. అందుకే అతను ఊరూరా బద్ధకస్తుల ఇళ్ళు వెతుక్కుంటూ తిరిగేవాడు. మా ఆయనంత బద్ధకస్తుడు లెవూకాలో ఇంకొకడు లేడు. ఇరవై ఏళ్ళనాటి టీపొడి పాట మొదటి అక్షరం నుంచి ఆఖరు దాకా మా ఇంట్లోనే దొరికింది. అప్పటినుంచి మా ఆయనంటే అతనికి భక్తి. ఎదురుపడితే టోపీ తీసేవాడు. ఇంత గౌరవం మీ అమ్మ కూడా ఇవ్వలేదు నీకు అని నేను మా ఆయన్ని ఏడిపించేదాన్ని.

అన్నీ దొరికాయి గానీ ఒక్కటి దొరకలేదు. పాత చావు బాణీ. పాతదేమిటి, కొత్తదేమిటి అని నేను అడిగితే వింతగా చూశాడు. రాజధాని సువాలో స్టేషనువాళ్ళు దాన్ని ఏనాడో మార్చేశారట. పాతదాంట్లో గిటారు ఉండేదట, ఇప్పుడు వచ్చేదాంట్లో ఆర్గనట. నాకు తేడా తెలియలేదు. నాకే కాదు, ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. ఆ సమయంలో ఎవరి చెవులు వాళ్ళ దగ్గర ఉంటాయి గనక? చావు కబురుకి గిటారైతే ఏమిటి, ఆర్గనైతే ఏమిటి అన్నాను.

దాన్ని టేపు మీద పట్టినవాళ్ళు ఎవరూ లేరు. ఎంత బద్ధకస్తుడైనా అది మొదలవగానే లేచి టేపు ఆపేస్తాడు. టేపులో ఉంచుకోవడమంటే చావుని ఇంట్లో చాప వేసి కూర్చోబెట్టడమే అని మా దగ్గర భయం. నాకూ ఉంది ఆ భయం, లేదని బుకాయించను. ఆరీయెతా అయితే బావగారని కూడా చూడకుండా మొహం మీదే చెప్పేసింది.

"ఏ తోకలైనా తెచ్చుకోండి బావా, అదొక్కటి మాత్రం గడప దాటించొద్దు. చావుని పేరు పెట్టి పిలిచినట్టు అవుతుంది."

ఆమె భయానికి కారణం ఉంది. ఎపెలి సరుకుల పడవలో ఇంజను చూసేవాడు. మా రేవు నుంచి నైరాయ్ దీవికి బియ్యం, కిరసనాయిలు తీసుకెళ్ళి అక్కడి నుంచి చేమదుంపలు, దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోనా వేళ్ళు తెచ్చేది ఆ పడవ. పాత చెక్క పడవ, ఎన్నిసార్లు అతుకులు వేశారో లెక్కలేదు. అది రేవు వదిలిన రోజునుంచి తిరిగొచ్చేదాకా ఆరీయెతా సగం మనిషి. మధ్యాహ్నం పేర్లు చదివేటప్పుడు నా దగ్గరకొచ్చి కూర్చునేది. చెయ్యి పట్టుకునేది కాదు గానీ నా కుట్టుగుడ్డ అంచు పట్టుకునేది.

ఆ బాణీని ఇంటికి తెచ్చింది చివరికి ఎపెలే. నైరాయ్‌లో ఒక ముసలాయన పోతే, పరదేశంలో ఉన్న కూతురికి పంపడానికని ఇంట్లోవాళ్ళు రేడియోలో చదివిన కబురును బాణీతో సహా టేపు చేశారట, అదీ మార్చకముందు. ఆ కూతురు అది వినలేనని తిప్పి పంపేసింది. ఎన్నో ఏళ్ళుగా చూరులో పడి ఉన్నదాన్ని ఎపెలి అన్నకోసం అడిగి, తడవకుండా బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. పెళ్ళాం చూడకుండా వసారాలో అన్న చేతిలో పెట్టి, ఇదిగో నీ పెళ్ళికూతురు అని నవ్వాడు. మా గోడమీంచి నాకు కనబడింది. ఇసిరేలి తమ్ముడి తల రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. ఆ వారంలోనే పడవ మళ్ళీ నైరాయ్ వెళ్ళింది.

గాలి మొదలైంది. మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు, మాకు అది మామూలే. తరవాతిరోజు సముద్రం రంగు మారింది. వీధి కొట్లకు చెక్కలు కొట్టేశారు. కరెంటు పోయింది. తిరిగి రావలసిన రోజున పడవ రాలేదు. నైరాయ్ నుంచి బయల్దేరిందన్న కబురు ఒక్కటే తెలిసింది, ఆ తరవాత దానినుంచి మాట లేదు.

పడవలో ఉన్నది అయిదారుగురు, అందరూ మా వీధివాళ్ళే. వాళ్ళ ఇంటివాళ్ళందరూ ఇసిరేలి వసారాలోకి చేరారు. బ్యాటరీలతో నడిచే రేడియో అతని దగ్గరే మిగిలింది. రేడియో, టేపు రెండూ కలిసిన పెట్టె అది, పక్కన ఒక చిన్న మీట ఉండేది, ఇటు తిప్పితే రేడియో, అటు తిప్పితే టేపు. బ్యాటరీలు నీరసించాయి, కొత్తవి కొందామంటే కొట్లు లేవు. అందుకని వార్తల వేళకే తెరిచి, అవగానే కట్టేసేవాడు. కట్టేసినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంకాసేపు ఉంచమని బతిమాలేవారు. అతను తల అడ్డంగా ఊపేవాడు. ఆ పడవలో అతని తమ్ముడూ ఉన్నాడని ఎవరికీ గుర్తులేదు.

కెలేరా అనే ముసలామె అక్కడే చాప మీద ఉండిపోయింది. ఆమె మనవడు ఆ పడవలో వంటవాడు. నేను పైట హెమ్మింగు పని ఒకటి తెచ్చుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం పేర్ల వేళకి రేడియో తెరిస్తే బరబరమని చప్పుడు తప్ప మాట లేదు. వెనక కొండవాలు మీద సీమపనసచెట్టుకి కట్టిన ఏరియల్ తీగ గాలికి తెగినట్టుంది. ఇసిరేలి వానలోనే చెట్టెక్కడానికి వెళ్ళాడు. పెట్టెను ఎవరూ ముట్టుకోకండి, తీగ కడితే అదే పలుకుతుంది అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

ఎవరు మాత్రం ఆగుతారు? చప్పుడు మధ్యలో మనిషి గొంతు లీలగా వినబడి పోయింది. ఆరీయెతా లేచింది. ఆమె బావగారి సామాను ఏనాడూ ముట్టినది కాదు. ఏది దేనికో తెలియక కనబడినవన్నీ తిప్పింది. చప్పుడు ఆగింది. ఒక క్షణం ఏమీ లేదు.

తరవాత ఆ బాణీ వచ్చింది.

స్పష్టంగా వచ్చింది, పక్కన కూర్చుని వాయించినట్టు. అందరం ఎలా ఉన్నవాళ్ళం అలా ఉండిపోయాం. రెండో చరణంలోకి వెళ్ళేటప్పటికి అది మెల్లగా నీరసపడింది, సాగింది, గొంతు లావై మూలిగినట్టయి ఆగిపోయింది. బ్యాటరీలు చచ్చిపోయాయి. పేర్లు రాలేదు.

పేర్లు వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఒకరి పేరు వస్తే ఒకరింట్లోనే ఏడుపు. పేరు లేని బాణీ అందరిదీ అయింది. అక్కడున్న ప్రతివాళ్ళూ తమ మనిషి పేరు విన్నట్టే విన్నారు. కెలేరా ముందుగా రాగం తీసింది. ఆ ఏడుపు మెట్లెక్కి పై ఇళ్ళకి వెళ్ళింది, అక్కణ్ణించి చర్చి దాకా వెళ్ళింది. చర్చి దగ్గర దుంగడప్పు మోగడం మొదలైంది, చావుకి కొట్టే దెబ్బలు.

ఆరీయెతా ఏడవలేదు. నా ముందుకొచ్చి కూర్చుంది.

"అక్కా, కత్తెర ఇవ్వు."

ఎందుకో నాకు తెలుసు. వాళ్ళలో మొగుడు పోతే జుట్టు ఉంచుకోరు. ఇవ్వనంటే పళ్ళతో కొరికేసేలా ఉంది ఆమె మొహం. ఇచ్చాను. ఆమెది గంపంత జుట్టు, ఎపెలి దాన్ని చూసి మురిసిపోయేవాడు. చెవుల దాకా, అడ్డదిడ్డంగా కోసి పారేసింది. కత్తెర తిరిగి నా చేతిలో జాగ్రత్తగా పెట్టింది.

ఇసిరేలికి చెట్టుమీద ఉండగానే డప్పు వినబడింది. జారుకుంటూ వచ్చాడు, మోకాళ్ళు చీరుకుపోయాయి. మరదలి తల చూశాడు. మెట్టు మీద చతికిలబడిపోయాడు. అంత మనిషీ తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఏడుస్తుంటే ఎవరూ ఓదార్చే స్థితిలో లేరు. కాసేపటికి, ఏమని చదివారు అని అడిగాడు. ఏమీ చదవలేదని, బాణీ రాగానే పెట్టె ఆగిపోయిందని చెప్పాను. సరేనని తల ఊపి మళ్ళీ దించుకున్నాడు.

కెలేరా ఏడుస్తూనే ఉంది. ఇక్కడి ముసలివాళ్ళ ఏడుపులో రాగం ఉంటుంది, చెవిలో ఏది మెదులుతుంటే అది వస్తుంది. ఆ బాణీయే వచ్చింది ఆమె నోట. ఇసిరేలి ఉన్నట్టుండి తలెత్తాడు.

"అత్తా, ఈ వరస ఎక్కడ విన్నావు?"

"ఇప్పుడే కదరా. అందరం విన్నాం."

అతను లేచి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. పక్కనున్న మీట వేలితో తడిమి చూశాడు. అది టేపు వైపు ఉంది. ఎపెలి తెచ్చిన క్యాసెట్టు లోపలే ఉంది, గాలి మొదలవకముందు అతను వింటున్నది అదే, వార్తల కోసం మీట రేడియో వైపు తిప్పాడు గానీ దాన్ని బయటికి తియ్యలేదు. సముద్రానికి భయపడ్డ మొహాలు చూశాను, గాలికి భయపడ్డవీ చూశాను. అప్పుడు అతని మొహంలో కనబడింది అది కాదు. తన చేతులు తనవి కావన్నట్టు చూసుకున్నాడు.

ఇది రేడియోలో రాలేదు, నా టేపు అని చెప్పాడు. అసలే చిన్న గొంతు, ఏడుపుల్లో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ చెప్పాడు. ఈ బాణీ మార్చి ఏళ్ళయింది, రేడియోలో వస్తే ఆర్గను రావాలి, మీరు విన్నది గిటారు అన్నాడు. వసారా అంతా అతనివైపు తిరిగింది. ఎవరికి గుర్తుంది గిటారు? ఒకతను లేచి అతని చొక్కా పట్టుకున్నాడు, ఇంకొకతను విడిపించాడు. కొట్టడానికి లేచినవాడు నమ్మినట్టు, విడిపించినవాడు నమ్మనట్టు. నాకే ఏది నమ్మాలో తెలియలేదు. టేపైతే మాత్రం పడవ ఎక్కడుంది?

ఆరీయెతా కదల్లేదు.

"నా మనసు కుదుట పడాలని చెబుతున్నారు బావా. మీరు మంచివారు. ఇంక చెప్పకండి."

అతను లారీ బ్యాటరీ తెచ్చి తగిలిస్తానని, మళ్ళీ వినిపించి చూపిస్తానని లేచాడు. దాన్ని ఇంకోసారి పలికిస్తే నేనిక్కడే ప్రాణం తీసుకుంటానని ఆమె మెల్లగా అంది. అరిచి ఉంటే అతను ఆగేవాడు కాదేమో. పెట్టె మీద తువ్వాలు కప్పేసి బయటకి నడిచాడు.

అతను ఎటు పోయాడోనని నాకు దిగులు పట్టింది. రొట్టెలో కూర చుట్టుకుని, గొడుగు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. రేవు చివర తాళ్ళు కట్టే గుంజ మీద కూర్చుని ఉన్నాడు. వాన పలచబడింది గానీ అల ఇంకా దిబ్బలా లేచి గట్టు మీద విరుగుతోంది. రొట్టె తీసుకున్నాడు, తినలేదు. గొడుగు అతని నెత్తిన పట్టాను.

"టైలరమ్మా, వాడు రాకపోతే?"

"రాకపోతే సముద్రం పొట్టన పెట్టుకున్నట్టు. నీదేముంది అందులో?"

"ఆరీయెతా ముందే చెప్పింది, పేరు పెట్టి పిలిచినట్టని. నేను పిలిచాను. దాన్ని మోసుకొచ్చింది కూడా వాడి చేతే."

పిచ్చి మాటలు మాట్లాడకని తిట్టాలనే నోరు తెరిచాను. కానీ అప్పటికి నేనూ అదే అనుకుంటున్నాను. పడవ రాకపోతే ఈ ఊళ్ళో ఇతని మొహం ఎవరూ చూడరు, నేను కూడా చూడలేను. ఆ ఆలోచన వచ్చినందుకు నామీద నాకే రోత పుట్టింది, అయినా పోలేదు. గొడుగు మాత్రం పట్టుకునే ఉన్నాను. పైన డప్పు ఆగి ఆగి మోగుతూనే ఉంది. ఆపమని చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు, నమ్మి ఆపేశాక పడవ రాకపోతే ఎలా?

పొద్దు వాలుతుండగా వకాయా దీవి పక్కన మసకలో ఏదో కనబడింది. అతను లేచి నిలబడ్డాడు. నేను అల అనుకున్నాను. తరవాత ఇంజను పొగ కనబడింది. అతను కేక వెయ్యలేదు, నన్నూ వెయ్యనివ్వలేదు, చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఎవరెవరున్నారో తెలియనీ అన్నాడు. పడవ రావడం ఒకటి, మనుషులు రావడం ఒకటి.

ఎలా తెలిసిందో వీధంతా దిగి వచ్చింది. రేవు మీద అంతమంది ఉండగా అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎరగను. ఆరీయెతా అందరికంటే వెనక, తల మీద ఏమీ కప్పుకోకుండా నిలబడింది. పడవ గట్టుకి రాసుకుంది. ఒక్కొక్కరే దిగుతున్నారు. వంటకుర్రాడు దిగగానే కెలేరా వాణ్ణి పట్టుకుని వీపు మీద గుద్దడం మొదలుపెట్టింది. గాలి ముదరకముందే మకోంగాయ్ దీవి చాటుకి పోయి లంగరేశామని, వైర్‌లెస్సు తడిసి పనిచెయ్యలేదని వాళ్ళు చెబుతున్నారు. ఎవరూ వినడంలేదు. ఎపెలి ఇంకా దిగలేదు.

ఇసిరేలి రాయిలా ఉన్నాడు. గొడుగు కింద అతని ఊపిరి నాకు వినబడుతోంది.

ఇంజను కట్టేసి చివరగా ఎపెలి వచ్చాడు, ఒళ్ళంతా నూనె మరకలు, నవ్వు మొహం కాదు. దీవి చాటునుంచి బయటపడ్డాక గాలి ఇటునుంచి తిరిగిందట, అప్పటినుంచి మా డప్పు వాళ్ళకి వినబడుతోందట. ఇంటి దగ్గర ఎవరు పోయారోనని దారంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. జనంలో పెళ్ళాం కోసం వెతికాడు. ఆమె తల చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎవరు? ఎవరే పోయింది? అన్నయ్యేనా?"

ఆరీయెతా అతని దగ్గరికి నడిచి వెళ్ళింది. మొహంలో మొహం పెట్టి చూసింది.

"నువ్వే."

అతనికి అర్థం కాలేదు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆమె అతని చొక్కా రెండు పిడికిళ్ళతో పట్టుకుంది, ఇక వదల్లేదు. అతను ఆమె భుజం మీదుగా మమ్మల్ని చూశాడు. అన్నని చూడగానే ఊపిరి పీల్చుకుని, ఏంటన్నా ఇది, ఏం జరిగింది, మాట్లాడవేం అని అడుగుతున్నాడు.

ఇసిరేలి గొడుగు కిందనుంచి బయటకి వచ్చాడు. రెండడుగులు వేసి నిలబడిపోయాడు. దగ్గరికి వెళ్ళడానికి భయపడుతున్నాడని నాకు తెలిసింది. తన తోకలు వినేటప్పటిలాగే కళ్ళు మూసుకుని తల ఒక పక్కకి వంచాడు.

"ఆపకురా. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు."